రంగు వేసిన గోడకి, తలుపుకి చెక్క బీడింగ్ గమ్ముతోనే నిలుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గదిలో గోడలకి ఎమల్షన్, తలుపులకి ఎనామెల్ వేసి రెండేళ్లయింది. గోడ మీద చెక్క బీడింగుతో, అంటే అలంకారానికి పెట్టే సన్న చెక్క పట్టీలతో, ఫ్రేముల్లాగా డిజైన్ చేయాలి, తలుపు రెక్కల మీద కూడా అదే డిజైన్ రావాలి. మేకులు కొట్టడం ఇష్టం లేదు. గమ్ముతోనే పని అవుతుందా, రంగంతా గీకాలా, ఏ గమ్ము కొనాలి?

పని అవుతుంది. రంగంతా గీకక్కర్లేదు. కాకపోతే తలుపుకి ఒక పద్ధతి, గోడకి ఇంకో పద్ధతి. తలుపు మీద బీడింగ్ కూర్చునే మేరకు మాత్రం ఎనామెల్ గీకి చెక్క తేల్చండి, వడ్రంగులు వాడే తెల్ల గమ్ముతో అతికించండి. గోడ మీద రంగు గట్టిగా ఉందని ముందు పరీక్ష చేసుకోండి. ఉంటే శుభ్రం చేసి, మెరుపు పోయేలా ఎమరీ కాగితంతో రుద్ది, గన్నుతో వేసే కన్‌స్ట్రక్షన్ అడ్హెసివ్ వాడండి. పరీక్షలో రంగు పెచ్చులుగా లేస్తే ఏ గమ్ము కొన్నా డబ్బు దండగే.

ఎందుకంటే గమ్ము పట్టుకునేది గోడని కాదు, గోడ మీదున్న రంగుని. ఆ రంగు కింద పుట్టీ ఉంటుంది, పుట్టీ కింద ప్లాస్టరింగ్ ఉంటుంది. వీటిలో ఏ పొర బలహీనంగా ఉంటే బీడింగ్ అక్కడ ఊడుతుంది. అందరూ "ఏ గమ్ము మంచిది?" అని మొదలుపెడతారు. నేను మాత్రం ఎవరు అడిగినా ముందు ఆ రంగు ఏమిటి, ఎంత పాతది, దేని మీద వేశారు అని అడుగుతాను. గమ్ము డబ్బా మీద రాసిన బలం నిజమే, కానీ అది గమ్ముకి ఉన్న బలం. మీ గోడ రంగుకి అంత పట్టు ఉందని ఆ డబ్బా మీద ఎవరూ రాయలేదు.

తెల్ల గమ్ము సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ మంది దెబ్బ తినేది దానితోనే. తెల్ల గమ్ము అంటే పీవీఏ. నీళ్లలో తేలే సన్నని ప్లాస్టిక్ రేణువులు. చెక్కకి పూసినప్పుడు నీరు చెక్కలోకి ఇంకుతుంది, గమ్ము కూడా పైపైన ఉన్న నారల మధ్యకి దిగుతుంది. నీరు పోయేకొద్దీ ఆ రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే పొరగా గట్టిపడతాయి. రెండు వైపులా రంగు లేని ఉత్త చెక్క ఉంటే ఈ అతుకు చెక్క కంటే గట్టిగా ఉంటుంది. విరగ్గొడితే పక్కనున్న చెక్క చీలుతుంది కానీ అతుకు వీడదు. అదే ఒక వైపు ఎనామెల్ ఉంటే గమ్ము దిగడానికి దారి లేదు. అది రంగు మీద ఆరిన ఒక పొరలాగా పడుంటుంది, అంతే.

ఒక ఇంట్లో తలుపు బీడింగులన్నీ ఒకటొకటిగా రాలుతున్నాయని నన్ను పిలిచారు. ఊడిన పట్టీ ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి, కిటికీ దగ్గర వెలుతురులో వాల్చి చూశాను. గమ్ము మొత్తం పట్టీ వైపే ఉంది. పైన నున్నగా మెరుస్తోంది. తలుపుకి ఎనామెల్ వేసినప్పుడు పడిన బ్రష్షు గీతలన్నీ ఆ గమ్ము మీద అచ్చు గుద్దినట్టు కనిపిస్తున్నాయి. తలుపు మీద రంగు మాత్రం చెక్కుచెదరలేదు. గమ్ము నాసిరకం అని ఆ ఇంటివాళ్ల అనుమానం. గమ్ములో తప్పేమీ లేదు. అది ఎనామెల్‌ని అంటుకుని కూర్చుందే తప్ప, లోపలికి దిగి పట్టుకోలేదు.

ఊడిన ముక్క వెనక భాగం చూస్తే కారణం తెలిసిపోతుంది. గమ్ము అంతా పట్టీకే ఉండి రంగు శుభ్రంగా మిగిలితే, గమ్ము రంగుని పట్టలేదని. అంటే రంగుని రుద్దలేదు, లేదా జిడ్డు తుడవలేదు, లేదా గమ్ము ఎంపిక తప్పు. పట్టీ వెనక రంగు పెచ్చు కూడా ఊడివస్తే గమ్ము తన పని తాను చేసింది, రంగే గోడని వదిలేసింది. పెచ్చు వెనక తెల్లటి పొడి ఉంటే పుట్టీ బలహీనం. చెక్క నారలు చీలి అటూ ఇటూ అంటుకుని ఉంటే మాత్రం అది చక్కటి అతుకు, దెబ్బ గట్టిగా తగిలి ఊడి ఉంటుంది. మీ పనికి ముందే ఇది చూసుకోవచ్చు. అదే బీడింగులో ఒక చిన్న ముక్క కోసి, కనిపించని మూల మీరనుకున్న గమ్ముతో అతికించి, రెండు రోజులు ఆగి ఉలితో లేపి చూడండి. నా మాటల కంటే ఆ ముక్క వెనక భాగం మీకు ఎక్కువ చెబుతుంది.

అంత ఆగే ఓపిక లేకపోతే టేపు పరీక్ష చేయండి. రంగుల పరిశ్రమలో దీన్ని ఏఎస్‌టీఎం డీ3359 అనే ప్రమాణం కింద చేస్తారు. ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది: బీడింగ్ కింద కప్పుకుపోయే చోటు చూసి, కొత్త బ్లేడుతో 2 మి.మీ. ఎడంగా ఆరు గీతలు రంగు పొర కింది దాకా కోయండి. వాటికి అడ్డంగా మరో ఆరు. చిన్న చిన్న గళ్లు 25 వస్తాయి. పొడి తుడిచి, మంచి జిగురున్న టేపు ముక్క వేసి గోరుతో బాగా రుద్దండి. ఒక నిమిషం, నిమిషంన్నర ఆగి, టేపుని దాని మీదికే మడిచినట్టు పట్టుకుని ఒక్క లాగు లాగండి. గీతల మూలల్లో చిన్న చిన్న తునకలు రావడం మామూలే. ఒకటీ అరా గడి ఊడినా పరవాలేదు. నాలుగైదు గళ్లు మొత్తంగా వచ్చేశాయంటే ఆ రంగుని నమ్మకండి. ఒక్క చోట చేసి ఊరుకోవద్దు. కిటికీ కింద, బాత్రూము పక్క గోడ, నేలకి దగ్గరగా ఉన్న భాగం, ఇవన్నీ వేరే వేరేగా చూడాలి. చెమ్మ తగిలే చోట రంగు పైకి బాగానే కనిపిస్తుంది, టేపు వేస్తే ఊడివస్తుంది.

ఎమల్షన్ కాకుండా డిస్టెంపరో సున్నమో అయితే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. అరచేత్తో గోడని గట్టిగా రాయండి. చేతికి తెల్లగా పొడి అంటుకుంటే అది గమ్ముకి పనికిరాని గోడ. బీడింగ్ వచ్చే గీత వెంబడి ప్లాస్టరింగ్ తేలేదాకా గీకి, దుమ్ము దులిపి, ప్రైమర్ పట్టించి, ఆరాక అతికించాలి. గోడలో చెమ్మ ఉండి ఉప్పు పూస్తుంటే అది కూడా వద్దు. ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూసుకోవాలి.

మీకు రంగు వేసి రెండేళ్లయింది కాబట్టి ఇంకో టెన్షన్ లేదు. కొత్తగా రంగు వేసినవాళ్ల కోసం చెబుతున్నాను: రంగు చేతికి అంటుకోకుండా ఆరడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. ఎమల్షన్ కొన్ని గంటల్లోనే ఆరినట్టు కనిపిస్తుంది, పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆయిల్ ఎనామెల్‌కీ అంతే, పొర మందంగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆ లోపు సాల్వెంట్ (థిన్నర్ లాంటి ద్రవం) ఉన్న గమ్ము తగిలితే రంగు మెత్తబడి ముడతలు పడుతుంది.

పాత ఇళ్ల తలుపులు గీకే ముందు మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. పాత ఆయిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. దశాబ్దాల నాటి తలుపు అయితే పొడి ఎమరీ కాగితంతో రుద్ది దుమ్ము లేపవద్దు, మంటతోనో హీట్ గన్నుతోనో కాల్చవద్దు. సీసం పరీక్ష కిట్లు దొరుకుతాయి, ముందు చూసుకోండి. సీసం ఉంటే గీకే పని అది తెలిసినవాళ్లకి అప్పగించడం మేలు. చిన్న మేరకి మీరే చేయాల్సి వస్తే తడిపిన ఎమరీ కాగితంతో రుద్దండి, మంచి రెస్పిరేటర్ మాస్కు పెట్టుకోండి, కింద ప్లాస్టిక్ షీటు పరిచి చెత్త అంతా మూటగట్టండి. పసిపిల్లలున్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం, నేలమీద పడిన సీసం దుమ్ము చేతుల ద్వారా వాళ్ల నోట్లోకే వెళ్తుంది.

ఇక చాలామంది భయపడేది బరువు గురించి. "ఇంత పొడుగు చెక్క గమ్ముతో ఎలా నిలుస్తుంది, జారి పడదా" అంటారు. లెక్క వేసి చూడండి. 60 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం, 2.4 మీటర్ల పొడుగు ఉన్న పట్టీ అనుకుందాం. ఘనపు మీటరుకి 600 కిలోల చెక్క అయితే ఆ పట్టీ కిలో పైన కాస్త తూగుతుంది. దాని వెనక వైశాల్యం 1,440 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద గ్రాము బరువు కూడా పడదు. గమ్ము వెనక భాగంలో పావు వంతుకే అంటినా మూడు గ్రాములు. ఏ గమ్ముకైనా ఇది లెక్కలోది కాదు.

బీడింగుని ఊడదీసేది బరువు కాదు, వంపు. పట్టీ కొద్దిగా విల్లులా వంగి ఉందనుకోండి. మీరు బలంగా నొక్కి అతికించారు, గమ్ము ఆరింది. కానీ ఆ చెక్క పాత ఆకారానికి పోవాలని రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడు మొత్తం పట్టీ రెండు చివర్ల మీద, అంచు దగ్గర సన్నని గీత మీద పడుతుంది. గమ్ము పక్కకి జారే బలాన్ని బాగా ఆపగలదు. అంచు నుంచి ఒలిచినట్టు లాగితే చాలా తేలిగ్గా వీడుతుంది. కవరు మీద అంటించిన స్టాంపుని పక్కకి తోస్తే కదలదు, మూల పట్టి లేపితే వచ్చేస్తుంది, అలాగన్నమాట. పైగా పీవీఏకి ఇంకో గుణం ఉంది: ఎడతెగని బలం కింద ఆరిన తర్వాత కూడా అది మెల్లగా సాగుతుంది. అందుకే వంకర పట్టీ వారం బాగుంటుంది, నెల బాగుంటుంది, ఆ తర్వాత ఒక రోజు చివర లేచి కనిపిస్తుంది.

కాబట్టి బీడింగ్ కొనేటప్పుడు ప్రతి పట్టీని ఒక కన్ను మూసి పొడుగునా చూడండి. చదునైన నేల మీద పెట్టి ఒక వేలితో తేలిగ్గా నొక్కితే పూర్తిగా ఆనాలి. రెండు చేతులతో అదిమితే తప్ప ఆననిది పక్కన పెట్టేయండి, దాన్ని చిన్న ముక్కలకి వాడుకోవచ్చు. గోడే వంకరగా ఉంటే పట్టీ వెనక అడ్డంగా, సగం మందం దాకా, 20-25 మి.మీ. ఎడంగా రంపం కోతలు పెట్టండి. చెక్క బిగువు తగ్గి గోడ వంపుకి ఒదుగుతుంది. పట్టీ అంచు పైనుంచి కనిపించే చోట మాత్రం ఈ కోతలు కనిపిస్తాయి, చూసి చేయండి.

గమ్ముల విషయానికి వద్దాం. గోడకి గన్నుతో వేసే కన్‌స్ట్రక్షన్ అడ్హెసివ్‌లలో మూడు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. అక్రిలిక్ రకం నీళ్ల ఆధారం, వాసన తక్కువ, తడిగా ఉండగా నీళ్ల గుడ్డతో తుడవచ్చు, పైన రంగు పడుతుంది. మామూలు ఎమల్షన్ గోడ మీద తేలికపాటి బీడింగుకి ఇది సరిపోతుంది. రెండోది సాల్వెంట్ రకం. పట్టు త్వరగా వస్తుంది కానీ ఘాటు వాసన, రంగుని మెత్తబరిచే ప్రమాదం, మూసి ఉన్న గదిలో మంచిది కాదు. మూడోది ఎంఎస్ పాలిమర్ లేదా హైబ్రిడ్ అని రాసి ఉండేది. నా పనిలో రంగు మీద చెక్క అతికించడానికి నేను ఎక్కువగా దీన్నే వాడతాను. సాల్వెంట్ ఉండదు, ఆరాక కూడా రబ్బరులా కొంచెం సాగే గుణం ఉంటుంది, గోడ ఎత్తుపల్లాల్లో ఒకటి రెండు మి.మీ. ఖాళీని నింపుతుంది. ఇది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకి 2-3 మి.మీ. చొప్పున అంచుల నుంచి లోపలికి. వెడల్పు పట్టీ కింద ముద్దలు ముద్దలుగా పెడితే లోపలిది గట్టిపడటానికి చాలా రోజులు పడుతుంది. గీతలుగా వేయాలి, గీతల మధ్య గాలి ఆడాలి.

సిలికాన్ సీలెంట్ వాడొద్దు. అంటుకోదని కాదు, అంటుకుంటుంది. దాని మీద రంగు నిలవదు, దాన్ని తీసేసినా ఆ చోట జిడ్డులాంటి పొర మిగిలి తర్వాత వేసే ఏ గమ్మునీ రంగునీ పట్టనివ్వదు. కాంటాక్ట్ గమ్ము, అంటే రెండు వైపులా పూసి ఆరనిచ్చి అతికించేది, లామినేట్ షీట్లకి బాగుంటుంది కానీ బీడింగుకి వద్దు. తాకగానే పట్టేస్తుంది, పట్టీని గీతకి సర్దుకునే వీలు ఉండదు. హాట్ గ్లూ తాత్కాలికంగా పట్టి ఉంచడానికి మాత్రమే. నురుగు వచ్చే పాలీయురేథేన్ గమ్ము గట్టిదే, నీటికీ ఆగుతుంది, కానీ గట్టిపడేటప్పుడు ఉబ్బి పట్టీని బయటికి తోస్తుంది. గట్టిగా బిగించి ఉంచే వీలున్న చోటే వాడాలి. అంచున పొంగినది రంగు మీద ఆరితే గీకడం తప్ప దారి లేదు. రెండు వైపులా జిగురున్న అక్రిలిక్ ఫోమ్ టేపు మెరిసే ఎనామెల్ మీద, తేలికైన సన్న పట్టీకి చక్కగా పనిచేస్తుంది. దాని పూర్తి పట్టు రావడానికి సుమారు 72 గంటలు పడుతుంది, ఆ మూడు రోజులు ముట్టుకోవద్దు. చెక్క వెనక గరుకుగా ఉంటే ఈ టేపు పట్టదు, నున్నగా చేసి ప్రైమర్ వేసుకోవాలి.

తలుపు పని ముందు చెబుతాను. వీలైతే బందుల నుంచి తలుపు రెక్క దించి బల్లల మీద పడుకోబెట్టండి. ఇదొక్కటి చేస్తే సగం ఇబ్బందులు పోతాయి, పట్టీ జారదు, పైన బరువులు పెట్టుకోవచ్చు. డిజైన్ పెన్సిలుతో గీయండి. బీడింగ్ ముక్కలని 45 డిగ్రీలకి కోసి, గమ్ము లేకుండా పేర్చి, మూలలు కలిశాయో లేదో చూసుకుని, అంచుల వెంట సన్నగా గీతలు పెట్టండి. తర్వాత ఆ గీతకి 3 మి.మీ. లోపలగా స్టీలు స్కేలు ఆనించి బ్లేడుతో రంగుని కోయండి. ఈ కోత వల్ల గీకేటప్పుడు పెచ్చు బయటికి పాకదు. రెండు కోతల మధ్య ఉన్న ఎనామెల్‌ని పదునైన ఉలితోనో స్క్రాపరుతోనో లేపండి. అక్కడక్కడా ప్రైమర్ మరకలు మిగిలినా ఫర్వాలేదు, సగం పైగా చెక్క తేలితే చాలు. 80 నంబరు కాగితంతో ఒకసారి రుద్ది దుమ్ము తుడవండి.

పట్టీ వెనక పల్చగా తెల్ల గమ్ము పూయండి. మూలల్లో 45 కోతల మీద నారలు తెగి ఉంటాయి కాబట్టి గమ్ముని పీల్చేసుకుంటాయి. అక్కడ ముందు ఒక పల్చటి పూత వేసి, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ పూయాలి. పట్టీ పెట్టి, పైన చదునైన చెక్క వేసి బరువులు పెట్టండి. గంట తర్వాత బరువులు తీయవచ్చు కానీ తలుపు నిలబెట్టడానికి మర్నాటి దాకా ఆగండి. పక్కకి కారిన గమ్ముని తడి గుడ్డతో అప్పుడే తుడిస్తే ఎనామెల్ మీద నుంచి పోతుంది. పట్టీకి పాలిష్ చేసే ఉద్దేశం ఉంటే మాత్రం తడి గుడ్డ వద్దు, పల్చబడిన గమ్ము నారల్లోకి పోయి పాలిష్ పట్టని తెల్ల మచ్చ అవుతుంది. గమ్ము జున్నులా అయ్యేదాకా ఆగి ప్లాస్టిక్ ముక్కతో గీకేయాలి. వాన తగిలే తలుపు, బాత్రూము తలుపు అయితే మామూలు తెల్ల గమ్ము చాలదు. డీ3 అని గానీ డీ4 అని గానీ రాసిన నీటికి ఆగే రకం తీసుకోండి.

గీకడం అసలు కుదరకపోతే, అంటే సన్నని ప్లై తలుపు, గీకితే పై పొర లేచిపోతుందన్న భయం ఉంటే, ఎనామెల్‌ని 120 కాగితంతో మెరుపు పూర్తిగా చచ్చేలా రుద్ది హైబ్రిడ్ అడ్హెసివ్ గానీ రెండు భాగాలు కలిపే ఎపాక్సీ గానీ వాడండి. ఇనుప తలుపుకీ ఇదే పద్ధతి.

గోడ పనిలో మొదటిది కడగడం. ముందు జిడ్డు తీయాలి, తర్వాతే రుద్దాలి. వరస మారితే కాగితం జిడ్డుని గీతల్లోకి కూరేస్తుంది. సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడిచి ఆరనివ్వండి. జిడ్డు పోయిందో లేదో తెలియాలంటే వేలితో నీళ్లు చిలకరించి చూడండి. నీరు పలచగా పరుచుకుంటే సరే, ముత్యాల్లా నిలబడి జారిపోతే ఇంకా జిడ్డుందని. వంటగది గోడల మీద, స్విచ్చుల చుట్టూ, మనుషులు ఆనుకునే ఎత్తులో ఇది తప్పక చూడాలి. ఎమల్షన్ని స్పిరిట్‌తో గానీ థిన్నర్‌తో గానీ తుడవొద్దు, రంగు మెత్తబడి ఊడొస్తుంది. ఆరాక బీడింగ్ వచ్చే మేర 120 కాగితంతో రుద్దండి. పక్కనుంచి చూస్తే మెరుపు కనిపించకూడదు. దుమ్ముని పిండేసిన తడి గుడ్డతో తీయండి.

గోడ మీద ఫ్రేములు చేస్తున్నారు కాబట్టి ఒక సలహా. నాలుగు ముక్కల్ని ఒక్కొక్కటిగా గోడకి అతికించకండి. నేల మీద నాలుగు మూలలూ గమ్ముతో కలిపి ఫ్రేముగా చేసి, ఆరాక మొత్తంగా గోడకి పెట్టండి. మూలలు విడిపోవు, ఎడం సమానంగా వస్తుంది, లెవెల్ ఒక్కసారే చూసుకుంటే సరిపోతుంది. అడ్హెసివ్‌ని 5 మి.మీ. లావు గీతగా, పట్టీ అంచుకి 10 మి.మీ. లోపలగా వేయండి. సన్న పట్టీకి మధ్యలో ఒక్క గీత చాలు. చివరలకి, మూలలకి దగ్గరగా తప్పక ఉండాలి, ఒలుపు మొదలయ్యేది అక్కడే కాబట్టి. పెట్టి, కొద్దిగా అటూ ఇటూ కదిపి నొక్కండి.

ఆరేదాకా పట్టి ఉంచడమే గోడ పనిలో అసలు కష్టం. రంగు మీద వాడే తక్కువ జిగురు టేపుతో అడుగుకొకటి చొప్పున బిగించవచ్చు. మామూలు ప్యాకింగ్ టేపు వాడితే తీసేటప్పుడు రంగు తీసుకొస్తుంది. నేను ఎక్కువగా చేసేది ఇది: అడ్హెసివ్ గీతలో అక్కడక్కడా రెండు సెం.మీ. ఖాళీ వదిలి, ఆ ఖాళీల్లో చిక్కటి సూపర్ గ్లూ చుక్క పెడతాను, గోడ మీద అదే చోట యాక్టివేటర్, అంటే సూపర్ గ్లూని వెంటనే గట్టిపడేలా చేసే స్ప్రే, కొడతాను. నొక్కి పట్టుకుంటే అర నిమిషంలో పట్టేస్తుంది. సూపర్ గ్లూ పెళుసు, దాన్నే నమ్ముకోకూడదు. అది ఆ రాత్రికి ఆపుతుంది, ఆ తర్వాత అడ్హెసివ్ చూసుకుంటుంది. బరువైన ఫ్రేమ్ అయితే కింద అంచుకి ఆనేలా తాత్కాలికంగా ఒక బద్ద నిలబెట్టండి. రెండు రోజులు ఎవరూ తగలకుండా చూడండి, పూర్తి బలానికి వారం అనుకోండి.

మేకులు వద్దన్నారు, సరే. అయినా ఒక మాట చెప్పాలి. వంపున్న పట్టీలకి, తలుపు చుట్టూ చెయ్యి తగిలే చోట్లకి, పైకప్పుకి పెట్టేవాటికి నేను గమ్ముతో పాటు తల లేని సన్న పిన్నులు కొడతాను. 23 గేజి పిన్ను మందం సుమారు 0.6 మి.మీ., దాని రంధ్రం రంగు వేశాక వెతికినా దొరకదు. పైకప్పుకి కేవలం గమ్ముతో బీడింగ్ పెట్టమంటే నేను ఒప్పుకోను. అక్కడ పట్టీ బరువంతా రంగుని కిందికి లాగుతూ ఉంటుంది, ఊడితే మనిషి తల మీద పడుతుంది.

వెడల్పు పట్టీల గురించి కూడా చెప్పి ఆపుతాను. చెక్క తేమని బట్టి పెరిగి తగ్గేది అడ్డంగా, పొడుగునా దాదాపు ఉండదు. 30, 40 మి.మీ. పట్టీకి ఇది పట్టించుకోనక్కర్లేదు. 100 మి.మీ. వెడల్పు పలక అయితే ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య 1-2 మి.మీ. దాకా తేడా వస్తుంది. దాన్ని వెడల్పంతా గట్టి గమ్ముతో బిగిస్తే ఎక్కడో చోట చీలాలి, లేదా రంగుని చీల్చాలి. సాగే గుణమున్న హైబ్రిడ్ అడ్హెసివ్ ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. గోడకీ పట్టీకీ మధ్య సన్న సందు ఉంటే అడ్హెసివ్ గట్టిపడ్డాక అక్రిలిక్ సీలెంట్ నింపి, ఆరాక రంగు వేయండి. ఎండీఎఫ్ బీడింగ్ ఇలా కదలదు కానీ కోసిన అంచుకి నీరు తగిలితే ఉబ్బుతుంది, అతికించే ముందే కోతలకి ప్రైమర్ వేయండి.

ముందుగా మీ గదిలో తలుపు దగ్గర, కిటికీ కింద ఆ టేపు పరీక్ష చేసి ఎన్ని గళ్లు ఊడాయో, పట్టీ వెడల్పు, మందం ఎంతో రాయండి. దాన్ని బట్టి ఏ గమ్ము ఎంత కొనాలో లెక్క చెబుతాను.